గుప్పెడు శనగపప్పు

ఇబ్రహీంపట్నం మేజిస్ట్రేటు ఎదుట, 2025 అక్టోబరు 27, సోమవారం నాడు, సాక్షి ప్రమాణం చేసి చెప్పగా ఆమె మాటగానే నమోదు చేసినది.

నా పేరు షహీన్ బేగం. వయసు ముప్పై నాలుగు. భర్త అజీముద్దీన్, ఆటో నడుపుతాడు. మాకు ఇద్దరు పిల్లలు. మాది ఇబ్రహీంపట్నమే. కందుకూరు పోయే దారిలో ఊరి బయట ఉన్న గుర్రాల ఫారంలో నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. గడ్డి ఎండబెట్టడం, మోపులు కట్టడం, గుర్రాల కొట్టాలు ఊడవడం నా పని. ఏడో తరగతి దాకా చదివాను. సంతకం పెట్టడం వచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం, బయట తెలుగు. నాకు రెండూ ఒకటే.

నేనే పోలీసులను అడిగి ఇక్కడికి వచ్చాను. నన్ను ఎవరూ భయపెట్టలేదు. ఎవరూ నేర్పి పంపలేదు. నేర్పబోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట నేను వినలేదు.

ఈ కేసులో యాదయ్య కాక జైల్లో ఉన్నాడు. కాక అంటే నాకు చుట్టం కాదు. ఫారంలో కోత బండి తోలే మనిషి, యాభై దాటాయి, పనివాళ్ళం అందరం కాక అనే పిలుస్తాం. దెబ్బ తగిలింది నా తమ్ముడు ఇనాయత్‌కు. వాడి కుడి చేతికి ఇప్పుడు బొటనవేలు ఒక్కటే ఉంది. తన చేయి బ్లేడు దగ్గర ఉండగా యాదయ్య పగ్గాలతో గుర్రాన్ని కొట్టి కావాలనే ముందుకు తోలాడని ఇనాయత్ పోలీసులకు చెప్పాడు. ముందు రోజు గొడవ అయిందని, ఆ కసి తీర్చుకున్నాడని చెప్పాడు. కాక గుర్రాన్ని కొట్టలేదు. ఆయనకు కసి లేదు. గుర్రం ఎందుకు కదిలిందో నాకు తెలుసు. వరుసగా చెబుతాను, మధ్యలో ఆగితే కొంచెం ఓపిక పట్టండి.

ఫారంలో ఎనిమిది గుర్రాలు ఉన్నాయి. శని, ఆదివారాల్లో పట్నం జనం కార్లలో వచ్చి స్వారీ నేర్చుకుంటారు. గుర్రాల మేత కోసం చెరువు కింది నేలలో పచ్చిక పెంచుతారు. వానలు పడ్డాక ఆ నేలలోకి ట్రాక్టరు తోలితే దిగబడుతుంది. చక్రాల కింద గడ్డి దుబ్బులు చచ్చిపోతాయి. అందుకని యజమాని బాలనర్సింహ సార్ గుర్రం లాగే కోత బండి తెప్పించాడు. ఏదో పరాయి దేశంలో పాతకాలంలో చేసిన బండి అది. తుప్పు గీకి ఎర్ర రంగు వేయించాడు. రెండు ఇనుప చక్రాలు, మధ్యలో ఒక ఇనుప సీటు, కుడి పక్కన నేలబారుగా మనిషి పొడవున బ్లేడు. బ్లేడుకు రంపానికి ఉన్నట్టు పళ్ళు ఉంటాయి. ఇంజను లేదు. చక్రాలు తిరిగితే పళ్ళు ఆడతాయి, చక్రాలు ఆగితే పళ్ళు ఆగుతాయి. సీటు ముందు కాలికి అందేట్టు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని తంతే చక్రాలకూ పళ్ళకూ లంకె తప్పుతుంది. దాన్ని మేము గేరు అంటాం. గేరు తీసి ఉంటే గుర్రం ఎంత దూరం నడిచినా పళ్ళు కదలవు. ఈ మాట సరిగ్గా రాయండి, ముందు ముందు ఇది కావాలి.

బండి లాగేది చమేలీ. తెల్ల గుర్రం, ఆడది. మొన్న ఎండాకాలంలో వచ్చింది. అంతకుముందు పట్నంలో పెళ్ళి బరాత్‌లలో పెళ్ళికొడుకులను మోసేది. అమ్మిన మనిషి పేరు అల్తమష్, తనే లారీలో తెచ్చి దించాడు. మిగతా గుర్రాలు కోత బండి గడగడకే బెదిరి పక్కకు దూకేవి. చమేలీ చెవి కూడా కదిలించలేదు. అల్తమష్ నవ్వి, "బాండు ముందల, పటాకుల నడుమ పదేండ్లు నిలవడ్డది. మీ బండికి భయపడ్తదా?" అన్నాడు. అది నిజమే. ముందుకు నడిపితే నడుస్తుంది, ఆపితే ఆగుతుంది. ఒక్కటే లోపం, వెనక్కి నడవదు. బరాత్ వెనక్కి పోదు కదా, దానికి ఎవరూ నేర్పలేదు.

ఆ రోజు చాయ్ తాగుతూ అల్తమష్ ఇంకో సంగతి చెప్పాడు. మార్వాడీల పెళ్ళిలో పెళ్ళికొడుకు గుర్రం ఎక్కి కూర్చున్నాక అతని అక్కచెల్లెళ్ళు వచ్చి, నానబెట్టిన శనగపప్పు గుర్రానికి తినిపిస్తారట. మాలో ఆ ఆచారం లేదు. నేను వింతగా విన్నాను. అక్క తినిపించాలా, చెల్లెలా అని అడిగాను. "ఎవరుంటె వాళ్ళు" అన్నాడు. తినిపించిన తర్వాత ఏం జరుగుతుందో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

నా తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు. మా అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు, అప్పటి నుంచి నేనే చూసుకున్నాను. ఇంటర్ చదివించాను. డిసెంబరులో వాడి నికా పెట్టుకున్నాం, అమ్మాయి పెద్ద అంబర్‌పేట్, పేరు మెహెక్. పెళ్ళి కుదిరిన రోజు నుంచి నేను వాణ్ణి దుల్హా మియా, అంటే పెళ్ళికొడుకుగారూ, అని ఏడిపిస్తూనే ఉన్నాను. గడ్డి మోపు ఎత్తితే దుల్హా మియా నడుము జాగ్రత్త అనేదాన్ని. పేడ తీస్తుంటే మెహెక్‌కు ఫోటో పంపుతాననేదాన్ని. నాకు నోరు ఎక్కువ. అందరికీ తెలుసు.

యాదయ్య కాక అంతకుముందు ఎద్దులతో దున్నిన మనిషి. ఈ బండి పని సార్ పిలిపించిన ఒకాయన దగ్గర నేర్చుకున్నాడు. నేర్చుకున్నది మాకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. బండి మడిలోకి దిగకముందే అంతా నడిచి రాళ్ళు, తీగలు ఏరించేవాడు. బ్లేడు ముందుకు ఎవరినీ రానిచ్చేవాడు కాదు, కుక్క వచ్చినా ఆపేవాడు. బ్లేడులో గడ్డి ఇరుక్కుంటే మొదట గేరు తీయాలి, ఒక మనిషి గుర్రం మొహం దగ్గర నిలబడి కళ్ళెం పట్టుకోవాలి, అప్పుడే ఇంకో మనిషి కట్టెతో గడ్డి తీయాలి. చేయి మాత్రం పెట్టకూడదు. గేరు తీసి ఉన్నా సరే పెట్టకూడదు.

ముందు రోజు, అంటే పదమూడో తారీకు సోమవారం, జరిగిన గొడవ ఇదే. ఆ రోజు గేరు తీసి ఉంది, చమేలీ కదలకుండా ఉంది. ఇనాయత్ కట్టె వెతుక్కోవడం బద్ధకమై చేత్తోనే గడ్డి లాగాడు. కాక సీటు మీద నుంచి దూకి వచ్చి చెంప మీద కొట్టాడు. మోపులు కట్టే ఆడవాళ్ళం అందరం అక్కడే ఉన్నాం. "ఏళ్ళు తెగితె మల్ల మొలుస్తయనుకున్నవా రా?" అన్నాడు. ఇనాయత్ ఎర్రబడిపోయి, "ఇంకోపారి చేయి లేపితె ఊకోను కాకా" అన్నాడు. అంతే. పోలీసుల కాగితంలో గొడవ అని ఉన్నది ఈ చెంపదెబ్బ. తమ్ముణ్ణి నలుగురిలో కొట్టినందుకు నాకూ ఆ పూట కోపం వచ్చింది. మరునాడు కాక నా ఎదుటే వాడి భుజం మీద చేయి వేసి చాయ్ ఇచ్చాడు. వాడు మొహం తిప్పుకునే తాగాడు.

పద్నాలుగో తారీకు మంగళవారం సాయంత్రం మెహెక్ వాళ్ళు మా ఇంటికి వస్తామన్నారు. దాల్చా వండుదామని పొద్దున్నే శనగపప్పు నానబెట్టాను. పనికి బయలుదేరుతూ అందులోంచి గుప్పెడు తీసి కొంగున ముడి వేసుకున్నాను. మధ్యాహ్నం అన్నాల వేళ ఇనాయత్‌ను చమేలీ మీద ఎక్కించి, మార్వాడీ అక్కలాగా దానికి తినిపించి, అందరి ముందు నవ్విద్దామని నా ఆలోచన. చెంపదెబ్బ తిన్నప్పటి నుంచి వాడు మొహం వేలాడేసుకుని ఉన్నాడు, అందుకోసం అనుకున్నాను. ఈ ఆలోచన నాది. ఎవరూ నాకు చెప్పలేదు.

పదింటి ప్రాంతంలో కాక చెరువు కట్ట వైపు కోస్తున్నాడు. అక్కడ గడ్డి ఒత్తుగా, తడిగా ఉంటుంది. బ్లేడులో గడ్డి ముద్దలాగా ఇరుక్కుని బండి బిగిసింది. కాక "ఓ" అన్నాడు, చమేలీ ఆగింది. వెనక్కి ఒక్క అడుగు వేయిస్తే ముద్ద వదులవుతుంది. పగ్గాలు గుంజి చూశాడు, అది వెనక్కి నడవదు. గేరు తన్నాడు. ఇనుము మోగింది గానీ గేరు రాలేదు. మళ్ళీ తన్నాడు. ఇది నేను కళ్ళతో చూశాను. పళ్ళ మధ్య గడ్డి బిగుసుకుంటే గేరు కూడా బిగుసుకుంటుంది.

కాక సీటు మీద నుంచే చెప్పాడు. "గేరు వస్తలేదు. గడ్డి తీస్తెగాని రాదు. షహీన్, దాని మొహం కాడ నిలవడు బిడ్డా, గట్టిగ పట్టుకో. ఇనాయత్, కట్టెతోని తియ్. చేయి పెట్టినవంటె ఇయ్యాల మల్ల తంత."

ఇనాయత్ కట్టె తీసుకుని బ్లేడు పక్కన కూర్చున్నాడు. నేను చమేలీ ముందుకు వచ్చి కళ్ళెం పట్టుకున్నాను. దాని కళ్ళకు రెండు పక్కలా తోలు మూతలు ఉంటాయి, అది వెనక ఏముందో చూడలేదు. ఎదురుగా ఉన్నదే చూస్తుంది. ఎదురుగా నేను ఉన్నాను.

ఇనాయత్ కట్టెతో పొడిచి ఒక ముద్ద తీశాడు. ఇంకొకటి ఉంది. ఈగలు ముసురుతున్నాయి. చమేలీ తల విదిలించింది. తర్వాత నా కొంగు వాసన చూసింది, మూతితో ముడిని నెట్టింది. తింటూ ఉంటే కదలకుండా ఉంటుంది కదా అనుకున్నాను. పిల్లలైనా నోట్లో ఏదన్నా పెడితే కుదురుగా ఉంటారు. ఆ సమయంలో నేను అనుకున్నది అదే. దాన్ని కుదురుగా ఉంచాలనే అనుకున్నాను. అది రాయండి.

కళ్ళెం వదిలి ముడి విప్పాను. అరచేతిలో శనగపప్పు పోసి దాని మూతి కింద పెట్టాను. ఊరికే ఉండలేకపోయాను. "దుల్హా మియా, జర ఇటు చూడు, నీ బరాత్ గుర్రానికి తినిపిస్తున్న" అన్నాను. ఇనాయత్ తల ఎత్తి చూశాడు. నా వైపు చూశాడు, చమేలీ మూతి వైపు చూశాడు. నవ్వాడు. చెంపదెబ్బ తర్వాత వాడు నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వుతున్నాను.

చమేలీ తిన్నది. దాని పెదవులు నా అరచేతికి తడిగా తగిలాయి. తిని తల పైకెత్తింది. ఒక అడుగు ముందుకు వేసింది. నేను నవ్వుతూనే ఒక అడుగు వెనక్కి జరిగాను. అది నా వెంట వచ్చింది. ఇంకో అడుగు జరిగాను. అది వచ్చింది. ఇంకా కావాలంటోంది కాబోలు అనుకున్నాను. నేను నవ్వుతూనే ఉన్నాను.

కాక "ఓ, ఓ" అని అరుస్తున్నాడు. పగ్గాలు వెనక్కి గుంజుతున్నాడు. ఆయన చేతులు నాకు కనపడలేదు, చమేలీ తల అడ్డం ఉంది. కానీ కళ్ళెం దాని నోట్లో వెనక్కి బిగిసింది, పెదవుల మూలలు సాగిపోయాయి, నోటికి రెండు పక్కల నుంచీ శనగపప్పు రాలింది. అది నా ముందే జరిగింది. పగ్గాలతో కొట్టినవాడు పగ్గాలను వదులు చేయాలి. వదులు చేస్తే కళ్ళెం నోట్లో అట్లా బిగియదు. యాదయ్య కాక కొట్టలేదు అనడానికి నేను చెప్పే రుజువు ఇదే.

తర్వాత చప్పుడు వచ్చింది. గడ్డి కోసే చప్పుడే. వేరే చప్పుడు ఏదీ రాలేదు. రోజూ వినే చప్పుడు, అంతే. నేను దాన్ని విని కూడా నవ్వుతున్నాను.

ఇనాయత్ అరవలేదు. చేతిని మొహం ముందు పెట్టుకుని చూసుకున్నాడు. "ఆపా, కట్టె ఇరిగింది" అన్నాడు. ఆపా అంటే అక్క. వాడు చెప్పింది కట్టె గురించి. నేను కట్టె వైపు చూశాను. కట్టె నిజంగానే విరిగి ఉంది. రెండో ముద్ద కట్టెకు రాకపోతే వాడు చేయి పెట్టాడని తర్వాత తెలిసింది. అప్పుడు నేను కట్టెనే చూస్తున్నాను. విరిగింది అనుకున్నాను. ఇంకో కట్టె తేవాలి అనుకున్నాను.

కాక దూకి వచ్చి చమేలీ మొహానికి అడ్డం నిలబడ్డాడు. వెంటనే అది ఆగింది. తన తువ్వాల తీసి ఇనాయత్ మణికట్టుకు బిగించి కట్టాడు. కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలో వెతికాడు. ఏం వెతుకుతున్నావు కాకా అని అడిగాను. ఆయన ఏడుస్తూ వెతికాడు. కోసిన గడ్డి పచ్చగా ఉంది, దాని మీద తెల్లగా చిన్న పువ్వులు ఉన్నాయి. ఆ పువ్వులు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. దొరికినవి దొరికాయి, ఒకటి దొరకలేదు.

నా భర్త ఆటో తెచ్చాడు. ఇబ్రహీంపట్నం దవాఖానలో కట్టు కట్టి పట్నం పంపారు. నలిగిపోయాయి, అతకవని అక్కడ డాక్టర్లు చెప్పారు. పట్నంలో ఆటో దిగేటప్పుడు నా ఎడమ పిడికిలి ఇంకా మూసే ఉంది. అజీముద్దీన్ వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. లోపల నాలుగు శనగపప్పు బద్దలు అంటుకుని ఉన్నాయి. ఇవి ఎక్కడివి అని అడిగాడు. దాల్చావి అన్నాను.

ఆ సాయంత్రం పోలీసులు నన్ను అడిగితే ఏమీ చూడలేదని చెప్పాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నా తలలో అప్పుడు గడ్డి, కట్టె, పువ్వులు తప్ప ఏమీ లేవు. రెండు రోజుల తర్వాత ఇనాయత్ పోలీసులకు కాక పేరు చెప్పాడు. చేయి పోగొట్టుకున్నవాడు చెబుతున్నాడు, నిజమే అయి ఉంటుందని నేను నమ్మాను. నమ్మితే నాకు తేలికగా ఉంది. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కాకను తీసుకుపోయారు.

మరునాడు ఆయన భార్య ఎంకమ్మ మా ఇంటికి వచ్చింది. గడప మీదే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "గుర్రం మొహం కాడ నువ్వే ఉన్నవట గదా బిడ్డా. మా ఆయన పగ్గంతోని కొట్టిండా?" అని అడిగింది.

"నాకు కనపడలే" అన్నాను.

"సరే తీ" అంది. మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది. ఆమె నన్ను నమ్మింది. కొట్టడం చూశానని చెప్పినా నమ్మేదే.

ఇరవై రెండో తారీకు బుధవారం నేను కొట్టాలు ఊడుస్తుండగా అల్తమష్ వచ్చాడు. ఈ గుర్రం మంచిది కాదు, తీసుకుపొమ్మని బాలనర్సింహ సార్ ఫోన్ చేశాడట. అల్తమష్ కోపంగా ఉన్నాడు. తన గుర్రం ఊరికే కదలదు అన్నాడు. నేనే అక్కడ ఉన్నానని ఎవరో చెప్పారు. నన్ను పిలిచి, "ముందల నువ్వే నిలవడ్డవా? దానికేమన్న పెట్టినవా?" అని అడిగాడు.

శనగపప్పు పెట్టాను అన్నాను.

అల్తమష్ మొహం మారిపోయింది. "అక్కచెల్లెండ్లు పప్పు తినిపించినంకనే బరాత్ కదుల్తది, అమ్మా. తింటది, నడుస్తది. పదేండ్లు దానికి గదే పని. పగ్గం గుంజితె ఆగదు. పెండ్లిపిలగాండ్లు భయంతోని ఊకె గుంజుతనే ఉంటరు, దానికి అలవాటైపోయింది. ముందల నడిచెటోళ్ళ మొహమే చూస్తది. వాళ్ళు జరిగితె అది జరుగుతది" అన్నాడు.

నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పాడు. మూడోసారి అడిగితే అతను దాణా గదిలోంచి శనగపప్పు తెచ్చాడు, చమేలీ కట్టు విప్పాడు, అరచేతిలో పెట్టి తినిపించాడు. చమేలీ తిన్నది. తల ఎత్తింది. అతను వెనక్కి జరిగాడు, అది అడుగు వేసింది. అతను జరుగుతూ పోయాడు, అది కొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. ఎంత అందంగా నడిచిందో. మెడ కొంచెం వంచి, పాదాలు ఎత్తి ఎత్తి వేస్తూ నడిచింది. నేను పేడ మీద కూర్చుండిపోయాను. నేను వెనక్కి జరగకుండా నిలబడి ఉంటే అది ఆగేది. కాక అడ్డం నిలబడగానే ఆగింది కదా. నేను జరిగాను. నవ్వుకుంటూ జరిగాను. కోర్టువారు కావాలంటే చమేలీని చూడవచ్చు, దానికి అబద్ధం రాదు.

ఇంటికి పోయి అజీముద్దీన్‌కు చెప్పాను. "ఎవరికీ చెప్పకు. చెప్తె ఏళ్ళు తిరిగొస్తయా? తమ్ముడు నీ మొహం చూడడు" అన్నాడు. మా అత్తగారూ అదే అంది. మూడు రోజులు వాళ్ళ మాట విన్నాను. నాకు తమ్ముడు తప్ప పుట్టింటి వైపు ఎవరూ లేరు. యాదయ్య కాక జైల్లో ఉంటే వాడు నాకు ఉంటాడు, కాక బయటికి వస్తే వాడు నాకు ఉండడు. మూడు రోజులు ఈ లెక్కే వేసుకున్నాను. ఎటు వేసినా కాక జైల్లోనే మిగిలాడు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం దవాఖానకు పోయాను. వాడికి ఎడమ చేత్తో తినడం ఇంకా సరిగా రాదు, పూటపూటకూ నేనే తినిపిస్తున్నాను. అన్నం ముద్ద చేసి నోటి దాకా తీసుకుపోయాను. వాడు నోరు తెరిచాడు. నాకు చమేలీ మూతి కనిపించింది. ముద్ద కింద పడిపోయింది. అప్పుడు చెప్పేశాను. ఇనాయత్, నేను దానికి శనగపప్పు పెట్టాను, అందుకే అది నడిచింది, కాక కొట్టలేదు అన్నాను.

వాడు పడిపోయిన మెతుకులు ఎడమ చేత్తో ఏరుతూ, "నాకెరుకనే ఆపా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు పిలిస్తె చూసిన గదా. అది తిన్నది, నడిచింది. నీ ఎంబడే వచ్చింది. కాక గుంజుతనే ఉండె. నాకంత కనవడ్డది, చేయి గుంజుకునె లోపలనే అయిపోయింది."

"మరి కాక కొట్టిండని ఎందుకు చెప్పినవ్?"

"పోలీసులు వచ్చి, గుర్రం మొహం కాడ ఎవరుండె, గుర్రాన్ని ఎవరు కదిలిచ్చిన్రు అని అడిగిన్రు. నీ పేరు వస్తదనుకున్న. నీకు పిల్లలున్నరు. కాక కొట్టిండన్న. చెంపదెబ్బ సంగతి గూడ చెప్పిన, నమ్మాలె గదా."

"కాక నీ చేయికి తువ్వాల కట్టిండు రా. గడ్డిల ఏడ్సుకుంట దేవులాడిండు."

"నాకు గప్పుడు కాక యాదికి రాలే ఆపా" అన్నాడు. "నువ్వే యాదికొచ్చినవ్."

నేను అక్కడ ఏడవలేదు. ఇంతకన్నా పెద్ద దెబ్బ నాకు ఆ మడిలో కూడా తగలలేదు. నా నవ్వు వాడి చేయి తీసుకుంది, వాడు ఆ చేతిని కట్టుతో గుండెల మీద పెట్టుకుని, నన్ను కాపాడటానికి, తండ్రి లాంటి మనిషిని జైలుకు పంపాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియడం లేదు. కోర్టుకు పోయి చెబుతానని వాడితో అన్నాను. వద్దు అన్నాడు. కాళ్ళు పట్టుకుంటా అన్నాడు. ఎట్లాగైనా చెబుతానంటే కోపం వచ్చింది. "నువ్వు చెప్తె చెప్పు. నేను మల్ల వచ్చి గదే చెప్త. కాకనే కొట్టిండని అంట. నా చేయి తెగింది, నా మాటే ఇంటరు" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తినలేదు. నిన్న రాత్రి అజీముద్దీన్ పోయి పెడితే తిన్నాడట. ఈ పొద్దున నేను పోతే దుప్పటి కప్పుకున్నాడు.

ఇవన్నీ విన్నాక మేజిస్ట్రేటు అమ్మగారు నన్ను ఒక మాట అడిగారు. ఈ మాటల వల్ల నా మీద కేసు రావచ్చని, నా తమ్ముడు పోలీసులకు అబద్ధం చెప్పాడని తేలితే వాడికీ ఇబ్బంది రావచ్చని, అది తెలిసే చెబుతున్నానా అని అడిగారు. తెలిసే చెబుతున్నాను. నా మీద ఏ కేసు పెట్టినా పెట్టండి. తమ్ముడు అబద్ధం చెప్పాడని రాసినచోట, అది వాడు తన కోసం చెప్పింది కాదు, నా కోసం చెప్పాడని కూడా రాయమని అడిగాను. రాశారు. చదివించుకుని చూశాను.

ఇంకొక్క మాట ఉంది. ఇనాయత్‌ను కూడా మీరు పిలుస్తారు. వాడు కట్టు కట్టిన చేత్తో వచ్చి ఇక్కడే నిలబడతాడు. మా ఆపా గుర్రానికి ఏమీ పెట్టలేదు, నా బాధ చూసి ఆమెకు మతి చలించింది, లేనిది ఉన్నట్టు చెబుతోంది అంటాడు. ఏడుస్తాడు కూడా. చూసిన ఎవరికైనా జాలి వేస్తుంది, నాకూ వేస్తుంది. నాలుగేళ్ళప్పటి నుంచి వాణ్ణి పెంచింది నేను. వాడి మాట నమ్మకండి.

రాసినదంతా నాకు వినబడేలా చదివారు. నేను చూసింది, చేసింది, అన్నది ఇదే. ఇందులో కలిపింది లేదు, దాచింది లేదు. నా ఇష్టంతో చెప్పి కింద సంతకం చేస్తున్నాను.

(సం.) షహీన్ బేగం